రెండో ఫొటో

రొయ్యల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ గంగులు ఆ ముసలాయన సంచి దులిపాడు.

ఫోను కనబడగానే లాక్కున్నాడు. తర్వాత కెమెరా బయటపడింది.

"ఇది ఫొటోలు దాసుకుంటాదా?"

"దాసుకోదు బాబూ. నొక్కితే అప్పటికప్పుడే కాగితం మీద వచ్చేస్తాది. పెళ్లిళ్లల్లో మళ్లీ ఇదే ఫేషను," అన్నాడు దాలయ్య.

చూడ్డానికి పిల్లల బొమ్మలా ఉంది. గంగులు లోపలికి వదిలేశాడు.

ఆ రోజు కంపెనీ వార్షికోత్సవం. హాస్టల్లో ఆడపిల్లలకు ఉచితంగా ఫొటోలు తీస్తానని దాలయ్యే మేనేజర్ని బతిమాలాడు.

గౌరి గజపతినగరం నుంచి ఇక్కడ పనికి వచ్చి ఐదు నెలలైంది. షిఫ్టు అయ్యాక హాస్టల్ గ్రిల్లుకు బయట తాళం పడుతుంది. ఫోన్లు ఆఫీసులో ఉంటాయి. అమ్మతో ఆదివారం మాట్లాడాలన్నా పక్కన సూపర్‌వైజర్ నిలబడతాడు.

"నేను లోనికి రాను తల్లీ. ఇక్కడినుంచే తీస్తాను," అన్నాడు దాలయ్య గ్రిల్లు బయటే ఆగి.

తెల్లకాగితం మీద మెల్లగా తన ముఖం తేలుతుంటే గౌరి మురిసిపోయింది.

ఇంతలో ఆయన మళ్లీ నొక్కాడు. రెండో ఫొటో చొక్కా కిందికి పోయింది.

"ఏటి తాతా, నా ఫొటో నీకెందుకు?"

ఆయన మాట్లాడొద్దన్నట్టు సైగ చేశాడు.

గౌరికి ఒళ్లు మండింది.

"గంగులన్నా, ఇలగ రా. ఆడపిల్లల ఫొటోలు సొక్కాలో దాసుకుంటన్నాడు, సూడు."

గంగులు వచ్చి దాలయ్య చెంప పగలగొట్టాడు. చొక్కాలో దొరికిన ఫొటోలన్నీ చింపేశాడు. ముసలాయన్ని గేటు బయటికి నెట్టేశాడు.

వారం తర్వాత లేబరాఫీసరమ్మ పోలీసులతో వచ్చి తాళం తీయించింది. ఆమె చేతిలో ఫొటో. గ్రిల్లు వెనక గౌరి, ముందు తాళంకప్ప.

"ఆ ముసలాయన ఇదొక్కటే పంచె రొంటిలో దాచి తెచ్చాడు. ఊరికే నోటిమాటంటే ఎవరూ నమ్మరు కదా," అంది.

గౌరి ఆమె చేయి పట్టుకుంది.

"ఆ తాత ఏడున్నాడమ్మా? నానే కొట్టించినాను. కాళ్ల మీద పడతాను."

"మొన్న నిద్రలోనే పోయాడమ్మా."

"ఏ ఊరి ఫొటోగ్రాఫరో..."

"ఫొటోగ్రాఫర్ కాదు, సముద్రం మీద వేటకెళ్లేవాడు. నిరుడు ఇంకో కంపెనీ హాస్టల్లో మంటలు లేచినప్పుడు, తాళం తీసేవాళ్లు లేక లోపలే ఉండిపోయిన దేవి అనే అమ్మాయికి తండ్రి."