వాయిదా

“డబ్బు కడతావా, జైలుకి పోతావా?”

మేజిస్ట్రేటు మేడం గారు ఆ మాట అనేసరికి రాజోలు కోర్టు హాలంతా సాయిబాబు వైపు తిరిగింది. సాయిబాబు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. విడాకులయ్యాక కూతురి పోషణకి నెలకి ఐదువేలు కట్టాలని తీర్పిచ్చిన కోర్టు ఇదే. మూడు నెలలుగా పైసా కట్టనివాడు అతనే.

“వాయిదా ఇప్పించండమ్మా,” అన్నాడు చివరికి.

“కిందటిసారీ ఇదే మాట. అంతకుముందూ ఇదే మాట. అవునా?”

“ఆయ్.”

“ఆయ్ అంటాడు తప్ప కట్టడండీ,” అంది ప్రసన్న. ఆవిడే అతని మాజీ భార్య. మలికిపురంలో కొబ్బరి పీచు పనికి వెళ్తుంది. “రొయ్యల చెరువు కాడ ఒకటో తారీఖుకల్లా జీతం చేతికొస్తాదండీ ఈయనకి. ఇక్కడికొచ్చిన రోజల్లా నాకు కూలి పోతంది, పిల్లకి బడి పోతంది. ఇంటికాడ దిగబెట్టొద్దామంటే మాకెవరూ లేరండీ.”

వెనక బల్ల మీద చిన్ని కూర్చుంది. దానికి ఎనిమిదేళ్ళు. కోర్టుకి ఎవరైనా పుట్టినరోజు గౌను వేసుకొస్తారా? అది వేసుకొచ్చింది. వద్దని తల్లి పొద్దున్నే రెండు తగిలించినా వినలేదు. సాయిబాబు మేడం గారికి జవాబు చెప్పడం మానేసి ఆ బల్లకేసే చూస్తున్నాడు.

“ఇంక వాయిదాల్లేవు. తీసుకెళ్ళండి,” అన్నారు మేడం గారు.

కానిస్టేబులు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అది చూసి బల్ల మీద పిల్ల బెదిరిపోయి లేచి నిలబడింది. అంతే, సాయిబాబు గబగబా చొక్కా లోపలినుంచి ఒక కవరు తీశాడు. అందులో మూడు కట్టలున్నాయి. మూడింటికీ రబ్బరు బ్యాండ్లు, ఒక్కోదాని మీదా చీటీ, చీటీ మీద నెల పేరు. బెంచి క్లర్కు లెక్కపెట్టి, పదిహేనువేలూ సరిపోయాయన్నాడు.

మేడం గారు కళ్ళజోడు తీశారు.

“డబ్బు దగ్గర పెట్టుకునే ఇన్నాళ్ళూ వాయిదాలడిగావా?”

“ఆయ్.”

“ఎందుకయ్యా?”

“కట్టేస్తే వాయిదా ఉండదండీ. వాయిదా లేకపోతే ఆవిడ రాదు. ఆవిడ రాకపోతే పిల్ల రాదండీ.”

ప్రసన్న చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

“చూడు బాబూ,” అన్నారు మేడం గారు, ఈసారి కాస్త మెత్తగా. “పిల్లని చూడడం వేరు, పిల్లకి పెట్టడం వేరు. ఆ రెండిటికీ ముడిపెట్టకూడదు. నీకు చూపించినా చూపించకపోయినా దాని తిండి నీ బాధ్యత. చూడాలనుంటే దానికి వేరే పిటిషను వేసుకో.”

“లాయరు గారు కూడా అదే అన్నారండీ. కానీ అప్పుడు పిల్లని పిలిచి అడుగుతారంట కదండీ, మీ నాన్నని చూస్తావా అని.” అతను మళ్ళీ వెనక బల్లకేసి చూశాడు. “వద్దంటేనో?”

మేడం గారు కలం అందుకున్నారు. ఇకమీదట డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వెయ్యాలనీ, ఎవరూ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదనీ రాసి కేసు ముగించారు. న్యాయమే జరిగింది. న్యాయం జరిగాక సాయిబాబు ఒక్కడే నడుచుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు.

తర్వాతి నెల ఒకటో తారీఖున డబ్బు వేసేశాడు. ఆపైన అతనికి ఆ నెలలో ఏమీ మిగల్లేదు. చెరువుగట్టు మీద పాకలో ఉంటాడు. రొయ్యలకి రోజుకి నాలుగుసార్లు మేత వేస్తాడు, తను ఒకసారి వండుకుంటాడు. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు. ఇదివరకు కేలండరులో వాయిదా తేదీ చుట్టూ సున్నా చుట్టుకునేవాడు. ఇప్పుడు ఆ సున్నా కూడా లేదు. ఎదురుచూడడానికేమీ లేకపోవడం ఇంత కష్టమని అతనికి అప్పటిదాకా తెలీదు.

ఇరవయ్యో తారీఖున అతని లాయరు గంగాధరరావు గారు ఫోను చేశారు.

“ఏమయ్యా, మళ్ళీ ఎగ్గొట్టేవా? ఈ నెల డబ్బు ముట్టలేదని ఆవిడ పిటిషను వేసింది.”

“ఒకటో తారీఖునే వేసేనండీ!”

“అయితే బ్యాంకు కాగితం పట్టుకుని సోమవారం వచ్చెయ్యి. అది లేకపోతే ఈసారి జైలు తప్పదు.”

సాయిబాబుకి మూడు రోజులు కంటిమీద కునుకు లేదు. డబ్బు వేరేవాళ్ళ ఖాతాలోగానీ పడిందా? సోమవారం కాగితం చేత్తో పట్టుకుని కోర్టు వరండాలో అడుగు పెట్టాడో లేదో, చిన్ని పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడింది. అదే పుట్టినరోజు గౌను. ఈసారి దానికి ఇస్త్రీ కూడా చేసి ఉంది.

“నాన్నా, ఈ బ్యాగు చూడు! నువ్వు పంపిన డబ్బుల్తో అమ్మ కొంది. రెండో తారీఖునే!”

డబ్బు ముట్టిందన్నమాట. మరి ఈ పిటిషనేమిటి? అంత చెప్పుకున్నా ఆవిడ పగ తీరలేదా? అతను ప్రసన్న వైపు చూశాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. ఇంతలో బంట్రోతు పేర్లు పిలిచాడు.

మేడం గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఒకటో తారీఖునే నీ ఖాతాలో పడింది కదమ్మా. ఏమంటావు?”

వెనక బల్ల మీద కూతురు కాళ్ళూపుకుంటూ తండ్రికేసి చూసి నవ్వుతోంది. ప్రసన్న దాన్ని చూసింది. తర్వాత చీర చెంగు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది.

“ఆ కాగితం నేను సరిగ్గా చూసుకోవాలండీ. వాయిదా ఇప్పించండి.”