ఇరవై రెండు డిగ్రీలు

మే పద్నాలుగు, పగలు పదకొండున్నరకు కమలాపురంలో ఓబుళేశు చనిపోయాడు. చీనీకాయల తోట నుంచి నడిచి వచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. మంచినీళ్లు అడిగి, భార్య చెంబు తెచ్చేలోపు పడిపోయాడు. వడదెబ్బ అని డాక్టరు చెప్పాడు.

షోలాపూర్‌లో ఉన్న కూతురు స్వర్ణలత ఫోన్లో ఒకటే మాట అంది. "నేనొచ్చి మొగం చూసేదాంకా నాయన్ను ఎత్తొద్దండి." ఆమె రైలు దిగేది మర్నాడు పొద్దున.

బయట నలభై నాలుగు డిగ్రీలు. శవాన్ని ఉంచడానికి ఫ్రీజర్ బాక్సు కావాలి. కమలాపురంలో ఉన్న ఒక్క బాక్సూ ఇంకో చావింట్లో ఉంది. కడపలో ఉన్నవన్నీ బయటికి పోయాయి. ఓబుళేశు కొడుకు శ్రీనివాసులు ఎర్రగుంట్లలో టెంట్ హౌస్ నడిపే ముస్తాక్‌కు ఫోన్ చేశాడు.

"నా బాక్సు నిన్ననే బాడుగకు పోయిందన్నా," అన్నాడు ముస్తాక్. "పార్టీకి ఫోన్ చేసి అడుగుతా. ఇస్తానంటే అర్ధగంటలో మీ ఇంటికాడుంటాది."

అర్ధగంట దాటిపోయింది. పక్కింటి గోపన్న ఐసు గడ్డలు తెచ్చి, పొట్టు చల్లి, శవం చుట్టూ పేర్చాడు. కరిగిన నీళ్లు అప్పుడే గడప దాటుతున్నాయి. నాగలక్ష్మమ్మ మొగుడి తల దగ్గర కూర్చుంది.

"ఆ కూలరన్నా ఈ పక్కకు తిప్పురా," అంది కొడుకుతో.

శ్రీనివాసులు తిప్పాడు.

"పోయిన వారం ఇదే కూలరును మీ నాయన సాక్కునే ఆ నోరులేనివాటి దగ్గర్నుంచి లాక్కుంటివి."

"ఈ పొద్దు కూడా అదేనా అమ్మా? ఇంట్లో మనుషులు ఉడికిపోతాంటే ఎలుకలకు కూలరా?"

"ఎలుకలు కాదు, గినీ పందులని ఎన్నిసార్లు చెప్పినాడు నీకు? ఇరవై రెండు డిగ్రీల్లో ఉంటే బతుకుతాయి, ఈ ఎండకు సచ్చిపోతాయిరా అని మొత్తుకున్న్యాడు. సీసాల్లో నీళ్లు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి వాటి పక్కన పెడతాంటే, ఆ సీసాలు గూడా ఫ్రిజ్జులోనుంచి తీసి పారేస్తివి. వాటిని తీసుకోని తోటకు పో అంటివి. పోయినాడు. మోటారు షెడ్డులో పెట్టుకున్న్యాడు."

"అంటే ఏంది? నాయన్ను నేను సంపినానా?" శ్రీనివాసులు గొంతు వీధిలోకి వినిపించింది. "చెప్పు, నేను సంపినానా? నడిఎండలో తోటకు నడిచిపొమ్మని నేను చెప్పినానా? ఆ ఎలుకలే సంపినాయి! గోపన్నా, పోయి ఆ రెండిట్నీ షెడ్డులోనుంచి బయటికి ఇసిరేసి రాప్పా!"

గోపన్న కదల్లేదు. "ముందు బాక్సు సంగతి చూడప్పా," అన్నాడు.

"పాపం, నిన్న రాత్రి సంతోషంగా అన్నం తిన్న్యాడు," అంది నాగలక్ష్మమ్మ ఎవరితోనూ కాకుండా. "ఇంక వాటికేం భయంల్యా అన్న్యాడు."

మేకుకున్న చొక్కా జేబులో ఫోన్ మోగింది. కబురు తెలిసిన చుట్టాలు ఇంటిలో అందరి ఫోన్లకూ చేస్తూనే ఉన్నారు.

"మీ నాయన సెల్లురా."

"మోగనీ. నాయన లేచి ఎత్తుతాడా?"

మోగి మోగి ఆగిపోయింది. చుట్టాలు ఇద్దరు వచ్చి ఏడ్చి, ఐసు నీళ్లలో కాళ్లు తడవకుండా పక్కకు జరిగి కూర్చున్నారు. గోపన్న ఇంకో విడత ఐసు తెచ్చాడు. ఫ్యాక్టరీలో ఇంక లేదని చెప్పాడు.

శ్రీనివాసులు మళ్లీ ముస్తాక్‌కు కలిపి, అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టాడు.

"ఏమప్పా ముస్తాకూ, యాడుండాది నీ బాక్సు? ఇదేనా నీ అర్ధగంట?"

"శానాసార్లు చేస్తి అన్నా. ఆ పార్టీ ఫోన్ ఎత్తడంల్యా."

"ఎందుకు ఎత్తడు? వాళ్ల శవాన్ని ఎత్తేసి బాక్సు ఇంట్లో పెట్టుకోని కూర్చున్యారా? ఊర్లో ఇంకెవరికీ సావులుండవా? బుద్ధుండాల్నా వద్దా మనిషికి! వాని పేరు చెప్పు. నేనే పోయి వాని గొంతు పట్టుకోని తెచ్చుకుంటా."

"పేరు అడగలేదన్నా. మీ కమలాపురం పక్కే. ఎవరో పెద్దాయన. ట్రాలీ ఆటోలో ఏసుకోని పోయినాడు."

"వాళ్లింట్లో సచ్చిందెవరు?"



"ఎవరూ సచ్చిపోలేదన్నా."

"ఏందీ?"

"తిట్టొద్దన్నా, ఉన్న మాట చెప్తాండా. ఇరవై రెండు డిగ్రీల్లో పెట్టియ్యమన్న్యాడు. ఆ చలికి శవం ఆగదు పెద్దాయనా అంటి. శవానికి కాదు నాయనా, బతికేటివాటికి అన్న్యాడు. గాలి ఆడేటట్టు మూత సందు పెట్టుకుంటా అన్న్యాడు. నాకేం తెలుసు, ఇచ్చి పంపిస్తి."

నాగలక్ష్మమ్మ తలెత్తింది.

"లైన్లోనే ఉండన్నా," అన్నాడు ముస్తాక్. "రెండో సెల్లు నుంచి ఇంకోసారి చేస్తా."

స్పీకర్లో నంబరు నొక్కిన చప్పుడు వినిపించింది.

"మోగుతాండాదన్నా. ఎత్తడంల్యా."

మేకుకున్న చొక్కా జేబులో ఓబుళేశు ఫోన్ మోగుతోంది.