ఆ గీతల మీద రంగు వద్దు

"నీలం," అన్నాడు డానిష్.

"పచ్చ," అన్నాడు ఫర్దీన్, అదీ తల్లి అల్మాస్ చెవిలో.

పెయింటర్ సైదులు పొద్దుటి నుంచీ బ్రష్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఒకడికి పదకొండేళ్లు, ఇంకొకడికి తొమ్మిది. ఇద్దరికీ కలిపి ఒక్కటే గది. కట్టంగూర్ హైవే పక్కన టైర్ల దుకాణం నడిపే యాకూబ్ ఎంత మొండి లారీ చక్రాన్నయినా విప్పుతాడు గానీ, ఈ ఇద్దరి దగ్గర మాత్రం చేతులెత్తేశాడు.

రెండంతస్తుల మంచం వచ్చింది. పైన ఎవరు? ఇద్దరూ పైనే. కిటికీ వైపు ఎవరు? ఇద్దరూనూ. ఫ్యాన్ ఎంత స్పీడులో తిరగాలన్న దాని మీద కూడా పేచీ పెట్టుకున్నారు. ఆ ఫ్యాన్ ఇంకా బిగించనే లేదు.

"ఒకటే మాట," అన్నాడు యాకూబ్. "గీ గదిల ఇద్దరు కలిసి పండుకుంటమంటెనే ముందటి పని. ఎవ్వరు వద్దన్నా గీడికే ఆపుత."

సైదులు గుండెల్లో రాయి పడింది. మిగతా రెండు గదుల పనీ పోయేట్టుంది. అందుకే పెద్దరికం తనే మీదేసుకున్నాడు.

"అన్నదమ్ములు గింత కొట్లాడితె ఎట్ల బిడ్డా? సగం నీలం, సగం పచ్చ ఏద్దాం. పైమంచం ఒక వారం నీకు, ఒక వారం తమ్మునికి."

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎవరూ కాదనలేదు. అదే చాలనుకుని సైదులు హుషారుగా గోడ గీకడం మొదలుపెట్టాడు.

తలుపు పక్కన పెన్సిల్ గీతలు కనబడ్డాయి, ఒకదాని మీద ఒకటి. ఎదిగే పిల్లవాడి ఎత్తు కొలతలు. సైదులు అటు చెయ్యి పెట్టాడో లేదో, డానిష్ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"అవి ముట్టొద్దు. మా అమ్మీ గీసింది."

"గింతేనా?" సైదులు నవ్వుతూ అల్మాస్ వైపు తిరిగాడు. "ఏం చెల్లె, రంగేసినంక మళ్ల గీసియ్యవా?"

అల్మాస్ నవ్వలేదు. పొద్దుటి నుంచీ గడప దగ్గరే ఉన్న మనిషి లోపలికొచ్చి, ఆ గీతల మీద పడ్డ సున్నం పొడిని కొంగుతో మెల్లగా దులిపింది.

"గా జాగల రంగు వద్దు, అన్నా. ఎట్లున్నయో గట్లనే ఉండాలె. చుట్టూ విడిచిపెట్టి ఎయ్యి."

డానిష్ ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపే చూశాడు. యాకూబ్ ఎందుకో అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

తర్వాత డానిష్ బడి సంచిలోంచి పెన్సిల్ తీశాడు. ఫర్దీన్‌ను చెయ్యి పట్టి లాక్కొచ్చి, అదే గోడకు ఆనించి నిలబెట్టాడు.

"మడమలు లేపకు, దొంగా."

తల మీద స్కేలు పెట్టి, తన గీతల పక్కనే ఒక గీత గీశాడు. ఫర్దీన్ వెనక్కి తిరిగి చూసుకుని మురిసిపోయాడు.

"మొదటి వారం పైన నువ్వే పండుకో, భాయ్," అన్నాడు. ఈసారి ఎవరి చెవిలోనూ కాదు, పైకే.

సైదులు ఊపిరి పీల్చుకున్నాడు. అయినా ఒక సందేహం మిగిలింది. "పెద్దోనివి గిన్ని గీతలున్నయి. చిన్నోనిది గిదే మొదటిదా? గిదేం అన్యాయం చెల్లె?"

డానిష్ పెన్సిల్‌ను చెవి వెనక పెట్టుకుని తండ్రి దగ్గరికెళ్లాడు.

"అబ్బాజాన్, ఇగ ఖాజీ సాబ్‌కు ఫోన్ చెయ్యి, నువ్వు ఫర్దీన్ వాళ్లమ్మీని నిఖా చేసుకునుడు మా ఇద్దరికీ కుబూల్."