కిటికీ కింద అడుగులు

మంచులో బూటు అడుగులు సరిగ్గా వాళ్ల కిటికీ కిందికొచ్చి ఆగాయి.

"మొన్న మంచు పడ్డప్పుడూ ఉన్నాయే ఇవి," అంది ఎఫువా.

"గోడ పక్కన కాసేపు నిలబడి మరీ వెళ్లాడు. ఎవడో గానీ మంచివాడు కాడు," అంది అరబా.

ఇద్దరూ ఘానా నుంచి కెనడాలోని విన్నిపెగ్‌కు చదువుకోడానికి వచ్చి మూడు నెలలైంది. ఓ పాత ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు. ఇంటాయన వేరే ఊళ్లో ఉంటాడు. యూనివర్సిటీలో మొదటి రోజే కొత్తవాళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పారు, హీటర్ బాగుచేస్తామంటూ ఇంటికొచ్చేవాళ్లను నమ్మొద్దని. అసలే పరాయి దేశం, ఆపైన ఈ హెచ్చరిక. ఇక కనబడ్డ ప్రతి తాడూ పామే.

రెండు రోజులకు మళ్లీ మంచు పడింది. తెల్లవారగానే కిటికీ కింద చప్పుడైంది. అరబా తలుపు తీసి అరిచింది.

"ఎవరు నువ్వు?"

పార పట్టుకున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"ఎదురింటివాణ్ణమ్మా. వాసిల్ అంటారు. ఇదిగో, మీ హీటర్ పొగ గొట్టం. మంచుకు మూసుకుపోతుంది. తీస్తున్నా."

హీటర్ మాట వినగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేం పిలిచామా నిన్ను?"

"లేదమ్మా."

"మరి ఊరికే ఎందుకు చేస్తున్నావు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. పార వైపు చూస్తూ ఆగిపోయాడు.

"చూశావా, నోరు పెగల్లేదు!" అంది ఎఫువా.

వాళ్లు ఫోన్ చేస్తే మధ్యాహ్నం పోలీసులొచ్చారు. ఇంకోసారి ఆ ఆవరణలో కాలు పెడితే కేసేనని ఆయనకు చెప్పి వెళ్లారు. అమ్మాయిలిద్దరికీ ప్రాణం హాయిగా ఉంది.

వారం తిరక్కుండా పెద్ద మంచు కురిసింది. ఆదివారం పొద్దున్నే అరబాకు తలనొప్పి, ఎఫువాకు వాంతులు.

"నిన్నటి చేపలు పడలేదే," అనుకుని మళ్లీ పడుకున్నారు.

కళ్లు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నారు.

"గొట్టం మూసుకుపోయి గదిలో విషగాలి నిండింది," అన్నాడు ఫైరింజన్ అతను. "ఎదురింటాయన ఫోన్ చేశాడు కాబట్టి బతికారు."

"ఆయనేడీ?"

"మేం వచ్చేసరికి గొట్టం తీసేసి ఉంది. ఆయన పక్కనే పడి ఉన్నాడు, ప్రాణం లేదు. ఆ వయసులో అంత మంచు ఆదరాబాదరాగా తవ్వితే గుండె తట్టుకుంటుందా?"

అరబా దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నాలుగో రోజు ఇద్దరూ ఎదురింటికి వెళ్లారు. ఆయన చెల్లెలు స్టెఫా తలుపు తీసింది.

"క్షమించండమ్మా. దొంగనుకున్నాం," అంది అరబా.

"తెలుసు. పోలీసులొచ్చినప్పట్నుంచీ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆదివారం తొమ్మిదైనా మీ కర్టెన్ తెరుచుకోలేదు. ఇక నా మాట వినలేదు."

ఎఫువా తడబడుతూ అడిగింది.

"మా కోసం అంత ఆరాటమెందుకు? మా గదిలో... ఆయన బిడ్డ ఎవరైనా పోయారా అమ్మా?"

"అన్నయ్య బిడ్డ కాదు. ఆరేళ్ల కిందట, మీలాగే ఎక్కణ్ణుంచో చదువుకోడానికొచ్చిన కుర్రాడు."

స్టెఫా కళ్లు తుడుచుకుంది.

"మంచు పడితే ఆ గొట్టం మూసుకుపోతుందని ఆ కుర్రాడికి చెప్పడం మరిచిపోయిన అప్పటి ఇంటి ఓనరు మా అన్నయ్యే."