నలభైకి సున్నా

“రెండు మైనస్‌లను గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది బాబూ?”

చివరి బెంచీ నుంచి వచ్చిన ఆ ప్రశ్నకు యువ లెక్చరర్ సుద్దముక్కను బల్లమీద పడేశాడు.

“పెద్దాయనా, నిన్న చెప్పింది ఇదేగా!”

“మతిమరుపు. ఇంకొక్కసారి చెబుదురూ.”

“తాతగారూ, ఇవాళ కూడా ప్లస్సే!” అన్నాడొక కుర్రాడు. తరగతి గొల్లుమంది.

ప్రవేశ పరీక్షలో తప్పినవారికి మాత్రమే కళాశాల నడిపే ప్రాథమిక తరగతులవి. ఉదయం లెక్కలు, మధ్యాహ్నం ఇంగ్లీషు, సాయంత్రం కంప్యూటరు. డెబ్భై ఏళ్ల ఆ వృద్ధుడు మూడింటికీ అందరికంటే ముందు వచ్చేవారు. చివరి కంప్యూటరు ఆపేదాకా కదిలేవారు కారు.

ఆనాడు తరగతి ముగిశాక లెక్చరర్ ఆయనను ఆపాడు.

“మీ వల్ల పాఠం ముందుకు సాగడం లేదు. ఈసారి తప్పితే ఈ పిల్లల సీట్లు పోతాయి. మీకు పోయేదేముంది చెప్పండి?”

“ఇక నోరెత్తను బాబూ. ఓ మూల కూర్చుంటాను.”

“నలభై ప్రశ్నలకు ఒక్క మార్కు తెచ్చుకోలేకపోయారు. కూర్చుని ఏం చేస్తారు? రేపటినుంచి రాకండి.”

వృద్ధుడు నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నారు. ఖాళీ బెంచీలను ఒకసారి చూసి, వెళ్లిపోయారు.

మరునాటినుంచి ప్రశ్నలు లేవు. పాఠం పరుగెత్తింది. నెల తిరిగేసరికి పెట్టిన నమూనా పరీక్షలో సగం మంది తప్పారు.

“అర్థం కాకపోతే అడగాలని తెలియదూ?”

చివరి బెంచీ అమ్మాయి మెల్లగా లేచింది.

“మేం అడిగితే నవ్వుతారని భయం సార్. తాతగారు మా నోట్సులోకి తొంగిచూసి, మేం ఎక్కడ ఆగామో అదే అడిగేవారు.”

లెక్చరర్ తిన్నగా ఆఫీసుకు నడిచి పెద్దాయన గురించి అడిగాడు.

“ఆయనా? ఆ రోజే గుర్తింపు కార్డు తిరిగి ఇచ్చేశారు సార్,” అన్నాడు గుమాస్తా. “ఇంటికి ఉత్తరం వేస్తే తిరిగొచ్చింది, ఊళ్లోనే లేరట. మొదటినుంచి పాఠాలు చెప్పే కాలేజీ ఇంకెక్కడైనా ఉందా అని అడిగి మరీ వెళ్లారు.”

“ఆ వయసులో చదువెందుకో!”

“చేరినప్పుడు కూడా ఏం నేర్పుతారని అడగలేదండీ. రోజూ ఎన్నింటిదాకా ఉండనిస్తారని అడిగారు. ఇంట్లో ఎవరూ లేరట.”

లెక్చరర్ ఆయన ఫైలు తెరిచాడు. ప్రవేశ పరీక్షలో ఆయన రాసిన మూడు జవాబు పత్రాలు. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిస్తారు. సరైనదానికి గుర్తు పెట్టాలి. ఆయన ఒక్క ప్రశ్ననూ వదలకుండా గుర్తులు పెట్టారు. లెక్కల్లో నలభైకి సున్నా. ఇంగ్లీషులో సున్నా. కంప్యూటరులో సున్నా.

పేజీ తిప్పబోయిన చేయి ఆగిపోయింది.

కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా నలభైకి సుమారు పది తగులుతాయని ఆ ఉదయమే అతడు తరగతిలో లెక్కవేసి చూపించాడు.

నూట ఇరవై ప్రశ్నల్లో ఒక్కటీ తగలకుండా తప్పించుకోవాలంటే, నూట ఇరవైకీ సరైన జవాబు తెలిసి ఉండాలి.