డ్రైవరు గుండె

“మళ్ళీ కూసింది బావా!” అన్నాడు తిరుత్తణిలో ఎక్కిన బామ్మర్ది జయరామన్.

వరదన్ స్టీరింగు వదలకుండానే తెర వైపు చూశాడు. ఎర్ర గుండె బొమ్మ వెలిగి ఆరుతోంది. ఒంటికి ఏదీ తగిలించకుండానే గుండెనూ ఊపిరినీ కనిపెట్టే రాడార్‌ని కంపెనీ పోయిన నెలే డ్రైవరు సీటు వీపులో బిగించింది. కాట్టుపల్లి రేవుకు పనివాళ్ళను తీసుకుపోయే ఈ బస్సులో అప్పటినుంచీ ఇదే కూత. ఇంకొకసారి కూస్తే బండి దిగాల్సిందేనని ఆఫీసువాళ్ళు నిన్ననే చెప్పారు.

“డాక్టరమ్మ ఏ రోగమూ లేదనిందే,” అన్నాడు వరదన్.

“ఆమె కాడ బుద్ధిగా కొట్టుకుంటాది. బండెక్కితేనే దానికి తిక్క.” జయరామన్ ఎప్పటిలాగే వెనక సీట్లోంచి డ్రైవరు సీటుకు రొమ్ము ఆనించి, బావ చెవి దగ్గరికి వంగాడు. “భయపడొద్దు బావా. ఆడికృత్తిక పండక్కి నీ పేరున కొండమీది సామికి నేను కావడెత్తుతా. కొండ మెట్లన్నీ నడిచే ఎక్కుతా.”

“ముందు నీ పొట్ట ఎత్తరా.”

“నవ్వులాట కాదు. బండి పోతే అక్క ఏం జేస్తాది?”

వరదన్ గేరు మార్చాడు. “మగ్గం అమ్మేసి స్టీరింగు పట్టినోణ్ణి. ఇదీ పోతే ఇంగ నాకేముండాది?”

జయరామన్ రొమ్ము రుద్దుకున్నాడు. “పొద్దున తిన్న పొంగలి ఈడనే నిలబడింది. కొంచేపు కండ్లు మూస్తా,” అని ముందున్న డ్రైవరు సీటు వీపు మీదికే వాలిపోయాడు.

తిరువళ్ళూరు దాటాక వరదన్ బస్సు ఆపాడు. పనివాళ్ళు టీకి దిగారు. ఫోను మోగింది. ఆఫీసులో కూర్చుని అన్ని బండ్ల తెరలూ చూసే షర్మిల.

“వరదన్నా, బండి నిలిపినావు గదా?”

“నిలిపినానమ్మా. తాళాలు ఎవురి చేతికియ్యాల?”

“తాళాలు గీళాలు తరవాత. ఆంబులెన్సు బయల్దేరింది. నువ్వు కదలొద్దు.”

“నాకేమీ లేదమ్మా. బాగానే ఉండా.”

“నీకు తెలీదన్నా! గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటా ఉంది. ఈడ నాకు తెలస్తా ఉంది. సీట్లోనే కుదురుగా కూర్చో.”

“యాడ సీటు? నేను టీకొట్టుకాడ నిలబడుండా.”

“మరి ఈ గుండె ఎవురిదన్నా?” వరదన్ బస్సు వైపు తిరిగాడు.

డ్రైవరు సీటుకు ఆనుకుని ఉన్నది జయరామన్ ఒక్కడే.