సగం తలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. పొయ్యి దగ్గర ఆడ్రీ అత్త, బల్ల ముందు నార్మన్ అన్న, గోడవార పీట మీద సూరమ్మ అవ్వ, ఓటు వేయడానికి రానని మొండికేసి కూర్చున్న సోనీ. అమ్మానాన్నలు తెల్లవారకముందే వెళ్ళి బడి దగ్గర లైనులో నిలబడ్డారు. అవ్వ నిన్ననే, ముసలివాళ్ళ కోసం పెట్టిన రోజున, ఓటేసి వచ్చింది. చేతికి పూసిన రంగు మామూలు కంటికి కనిపించదని ఎంత చెప్పినా వినకుండా, ఇంటిల్లిపాదీ వేసేదాకా ఆ చెయ్యి కడగనని పట్టుబట్టింది.

"ఈ కంట్రీలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మనమూ అందరం ఒకే లైనులో నిలబడే ఫస్ట్ డే ఇది. పంతొమ్మిదేళ్ళ పిల్లవి, నీకేం రోగమే?" అంది అత్త.

సోనీకి రోగమేమీ లేదు. పొట్టిది, అంతే. అత్త భుజం దాకా కూడా రాదు. బడిలో ఏ ఫొటో తీసినా ముందు వరుసలో చివర ఆమే. ఆ దిగులు చిన్నప్పటినుంచీ ఉన్నదే గానీ, నిర్మల్ వచ్చాక అది భయంగా మారింది.

వాళ్ళ వంటింటి పెరటి తలుపు రెండు సగాలుగా ఉంటుంది. కింది సగం మూసి, పై సగం తెరిచి, మధ్యాహ్నం పూట డార్నల్ చక్కెర మిల్లు పనివాళ్ళకు రొట్టె, కూర అమ్ముతారు. కింది సగం ఎత్తుకు అందక, సోనీ లోపల ఒక కూల్‌డ్రింక్ క్రేటు బోర్లించుకుని దాని మీద నిలబడేది. బయటివాళ్ళకు ఆమె నడుము పైన మాత్రమే కనిపించేది. అలా చూస్తే ఎవరికైనా నిండైన మనిషే.

నిర్మల్ అవోకా ఊరి నుంచి మిల్లుకు కొత్తగా వచ్చిన ఫిట్టరు. అందరూ తిని వెళ్ళిపోయాక, మూసిన పై తలుపు మీద మెల్లగా తట్టేవాడు. తెరిస్తే, క్రేటెక్కిన తనకు సరిసమానంగా, నవ్వుతూ నిలబడి ఉండేవాడు. కూర బాగుందనేవాడు. కోతకు ముందు తోటల్లో పెట్టే చెరకు మంటల మసి తన చొక్కాలను ఎలా పాడుచేస్తోందో చెప్పి నవ్వించేవాడు. ఆమె తలుపు మూసేదాకా కదిలేవాడు కాదు. అది మర్యాద అనుకుని సోనీ మురిసిపోయేది.

సాయంత్రం పెరడు ఊడుస్తూ అత్త మాత్రం విసుక్కునేది. ఖాళీ సీసాల క్రేట్లు వరుసగా పేర్చిపెడితే, ఎవరో రోజూ ఒకటి తలుపు దగ్గరికి లాగి బోర్లిస్తున్నారట. పెరట్లో బియ్యం ఏరుకుంటున్న అవ్వ, "ఉండనీవే, ఎవుడికో పనికొత్తాది" అనేది.

నిర్మల్ ఏదో ఒక రోజు తనను వీధిలో చూస్తాడు. ఇవాళ సోనీ లైనుకు రానన్నది ఆ భయంతోనే. ఈమధ్యే, ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే నార్మన్ ఒక కబురు మోసుకొచ్చాడు. రష్యాలో కాలి ఎముక కోసి, చుట్టూ ఇనుప చట్రం బిగించి, రోజూ మరను కొద్దికొద్దిగా తిప్పుతారట. ఆ సందులో కొత్త ఎముక పుట్టి మనిషి పొడుగవుతుందట. ఇంగ్లండులో అయితే ఇల్లమ్మినా చాలదు, రష్యాలో అయితే నాన్న పాత వ్యాను అమ్మితే సరిపోతుంది.

"రేపటికల్లా ఆ ఆసుపత్రికి ఆన్సర్ చెప్పాలి, సోనీ," అన్నాడు ఇవాళ నార్మన్, బల్ల ముందు నుంచే. "వన్ ఇయర్ అక్కడ ఉండాలి. పెయిన్ ఉంటుంది."

"వస్తానని చెప్పెయ్, అన్నా."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఓలమ్మో, కాళ్ళు సాగదీయించుకోడానికి రస్యా ఎల్తాదంట." రష్యా మాట ఎత్తినప్పుడల్లా ఆమెకు ఎందుకంత నవ్వో ఎవరికీ అంతుబట్టలేదు.

అంతలో పై తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు. ఇవాళ మిల్లు లేదు, రొట్టెలూ లేవు. సోనీ గబగబా క్రేటెక్కి తలుపు తెరిచింది. నిర్మల్ కొత్త చొక్కా వేసుకున్నాడు. ఈసారి నవ్వలేదు.

"లైనుకు వెళ్ళలేదేం?"

"ఒంట్లో బాలేదు."

"నేనూ ఇంకా వెళ్ళలేదు. వెళ్ళేముందు నీకో మాట చెప్పాలి, సోనీ. ఇలా తలుపుకు చెరోవైపు నిలబడి కాదు. బయటికి రా."

ఏ మాట కోసం నెలల తరబడి ఎదురుచూసిందో ఆ మాట గుమ్మం దాకా వచ్చింది. సోనీ తల అడ్డంగా ఊపింది.

"నేను ఓవర్సీస్ వెళ్తున్నాను. వన్ ఇయర్. వచ్చాక చెప్పు."

నిర్మల్ ముఖం చిన్నబోయింది. "ఏడాదైనా నేను ఆగుతాను. ఈ మాట ఆగదు."

అవ్వ పీట మీద నుంచి లేచింది. కడగని చేత్తో సోనీ మణికట్టు పట్టుకుని క్రేటు మీద నుంచి దించేసింది. రెండో చెయ్యి కింది తలుపు గడియ మీద వేసింది.

"వద్దవ్వా," సోనీ గొణిగింది. "నన్ను చూసేస్తాడు."

"సూడనీ. నువ్వూ సూడు."

సోనీ కళ్ళు గట్టిగా మూసుకుంది. వీపు మీద అవ్వ చెయ్యి పడింది. మరుక్షణం పాదాల కింద పెరటి సిమెంటు వెచ్చగా తగిలింది. ఎక్కడ ఎగతాళి వినిపిస్తుందోనని ఊపిరి బిగబట్టింది. వెనక అవ్వ తలుపు రెండు సగాలూ ఢామ్మని మూసి గడియ పెట్టేసింది.

రోజూ అతని ముఖం ఉండే ఎత్తుకు తలెత్తి, సోనీ మెల్లగా కళ్ళు తెరిచింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

క్రేటు దిగిన నిర్మల్ తనంతే ఉన్నాడు.